డైవ్ వాచ్ పెట్టుకుని సముద్రంలోకి దిగే ముందు ఇవి చూసుకోండి

సెలవులొచ్చాయి, సముద్రానికి వెళ్తున్నాం, చేతికి మంచి డైవ్ వాచ్ ఉంది, డయల్ మీద 300 మీటర్లు అని రాసుంది కాబట్టి ఏం కాదులే అనుకుంటారు చాలామంది. ఆ నంబర్ వాచ్ కొత్తగా ఉన్నప్పటి మాట అండి. నీళ్లని ఆపేది ఆ స్టీల్ ఒక్కటే కాదు, క్రౌన్ (టైం మార్చడానికి పక్కన తిప్పే బుడిపె) లోపలా వెనక మూత కిందా ఉండే సన్నటి రబ్బరు గ్యాస్కెట్లు, అవి ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పట్టు వదిలేస్తాయి, పైకి చూస్తే మాత్రం ఏమీ తెలీదు. అందుకే ట్రిప్‌కి రెండు మూడు వారాల ముందే ప్రెజర్ టెస్ట్, అంటే ఒత్తిడి పెట్టి వాచ్‌లోకి నీళ్లు దూరే సందు ఉందేమో చూసే పరీక్ష, చేయించండి, మామూలుగా మూత కూడా తీయక్కర్లేదు. ముందు రోజు వెళ్తే, ఫెయిలైనా గ్యాస్కెట్ మార్చేంత టైం ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం క్రౌన్. నేను ఒకసారి ప్రయాణంలో టైం మార్చి క్రౌన్ లోపలికి నొక్కేశా, తిప్పి బిగించడం మర్చిపోయా. స్విమ్మింగ్ పూల్‌లో పావుగంట కూడా లేను, బయటికొచ్చి చూస్తే 3 గంటల గుర్తు పక్కన అద్దం లోపల గోరంత ఆవిరి మచ్చ, చూస్తుండగానే అది సగం డయల్ దాకా పాకింది. ఎంత బాధేసిందో చెప్పలేను. నీళ్లలోకి దిగే ముందు ప్రతిసారీ వేలితో ముట్టుకుని చూడండి.

బిగించేటప్పుడు మెల్లగా నొక్కిపట్టి మొదట కాస్త వెనక్కి తిప్పండి, మర కుదిరిన చోట చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది, అక్కడి నుంచి ముందుకి తిప్పితే హాయిగా వెళ్తుంది. ఆగిన చోట ఆపేయండి, ఇంకా బలం పెడితే మరా పాడవుతుంది గ్యాస్కెటూ నలుగుతుంది. ఒమేగా సీమాస్టర్ డైవర్ లాంటి వాటిలో 10 అంకె దగ్గర ఇంకో బుడిపె ఉంటుంది, అది హీలియం వాల్వ్, రోజుల తరబడి హీలియం కలిసిన గాలిలో ఉండి పనిచేసే డైవర్ల కోసం పెట్టింది, మనకి దానితో పనిలేదు, బిగించే ఉంచండి.

వేడి నీళ్ల స్నానం, ఆవిరి గదులు మాత్రం వద్దే వద్దు, వేడికి స్టీల్, అద్దం, రబ్బరు ఒక్కోటి ఒక్కోలా వ్యాకోచిస్తాయి, ఆ తర్వాత చల్లటి నీళ్లు తగిలితే గ్యాస్కెట్లకి అదే పెద్ద పరీక్ష. బాగా ఎండలో కాలిన వాచ్‌తో ఒక్కసారిగా నీళ్లలోకి దూకడం కూడా ఇలాంటిదే. లెదర్ పట్టీ అయితే మార్చేయండి, పట్టీని వాచ్‌కి పట్టి ఉంచే సన్నటి పుల్లలు, స్ప్రింగ్ బార్లు కూడా ఒకసారి లాగి చూడండి, అది ఊడితే వాచ్ అడుక్కి పోతుంది, ఇక దొరకదు.

బయటికొచ్చాక ఉప్పు ఆరనివ్వకుండా, క్రౌన్ బిగించి ఉందని చూసుకుని, మంచినీళ్లలో పెట్టి బెజెల్‌ని (అద్దం చుట్టూ తిరిగే, నిమిషాల గుర్తులున్న రింగు) ఒక రౌండ్ తిప్పండి. ఇసుకా ఉప్పూ దాని కిందే చేరతాయి, అలాగే వదిలేస్తే కొన్నాళ్లకి తిరగడం మొరాయిస్తుంది. బెజెల్ ఒక్కవైపే తిరిగేలా ఎందుకు చేశారంటే, నీళ్లలో దేనికైనా తగిలి కదిలినా గడిచిన టైం ఎక్కువ చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు, డైవర్ కాస్త ముందే పైకొచ్చేస్తాడు.

అనుమానం ఉంటే ఇంట్లోనే ఒకటి చూడొచ్చు, వాచ్ చేతి వేడికి వెచ్చబడ్డాక అద్దం మీద చల్లటి నీటి చుక్క వేసి నిమిషం ఆగి తుడవండి, లోపల మసక కనిపిస్తే తేమ ఉన్నట్టే. డైవ్ వాచ్‌ల ఐఎస్ఓ 6425 స్టాండర్డ్‌లో కూడా వాచ్‌ని వేడిచేసి ఇలాంటి పరీక్షే చేస్తారు. మసక కనిపిస్తే బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం చేయకండి, తేమ లోపలే తిరుగుతుంది, అదే రోజు విప్పించండి, ఉప్పునీళ్లయితే ఇంకా తొందరపడాలి. నాది ఆ సాయంత్రమే విప్పించా కాబట్టి మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, దక్కింది. ఇంకోటి, ఏ పనికి మూత తీసినా సరే, మళ్లీ మూసాక ప్రెజర్ టెస్ట్ చేశారా అని అడిగి, చేయించుకున్నాకే వాచ్ తీసుకోండి.