కయాక్ పొట్టలోకి నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయంలో తెల్లవారుజామున గాలం వేసి, తొమ్మిదింటికి ఒడ్డు చేరి, కయాక్‌ను (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవను) కారు మీదికి ఎత్తబోతుండగా లోపల నీళ్లు బుడబుడమంటూ వెనక్కి జారాయనుకోండి. అప్పుడు చాలామంది కంటికి కనబడిన మొదటి గీత మీద ఎపాక్సీ పుట్టీ పూస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను. రెండో ప్రయాణానికే ఆ పూత పెచ్చులా ఊడిపోయింది, నీరు మాత్రం ఎప్పటిలాగే చేరింది, ఎందుకంటే అది కారుతున్న చోటే కాదు. అందువల్ల ఈ పనిలో ఎక్కువ శ్రమ చోటు పట్టడానికే పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

మీద కూర్చుని నడిపే రకం కయాక్‌కు లోపల మూసి ఉన్న డొల్ల ఉంటుంది. దాని వెనక కొసన ఉండే డ్రెయిన్ ప్లగ్గు తీసి, చేరిన నీటిని బకెట్‌లోకి వంచి కొలవండి. గ్లాసెడు నీళ్లయితే కంగారు అక్కర్లేదు. లోపలి గాలిలోని తేమ చల్లబడి కారినా, మూత తెరిచినప్పుడు తెడ్డు నుంచి చుక్కలు పడినా ఆ మాత్రం చేరుతుంది. బకెట్ నిండితే మాత్రం ప్రమాదమే. ఇరవై లీటర్ల నీరంటే ఇరవై కిలోల బరువు, పైగా అది ఒక చోట నిలవదు. మీరు ఏ పక్కకు వంగితే ఆ పక్కకే పరుగెత్తి కయాక్‌ను ఇంకా వంచుతుంది.

ఆ నీరు ఎలాంటి రోజున చేరిందో గుర్తు తెచ్చుకోండి. గాలి లేని నిలకడ నీటిలో కూడా చేరితే లోపం నీటి మట్టానికి కింద, అంటే అడుగున గాని స్కప్పర్ రంధ్రాల (పైన చేరిన నీరు కిందికి పోయేలా కయాక్ గుండా ఉండే రంధ్రాల) గోడల్లో గాని ఉంటుంది. అలలు లేచిన రోజునే చేరితే హ్యాచ్ (డొల్లలోకి తెరుచుకునే ద్వారం) మూతను, గాలం కర్రలు నిలిపే రాడ్ హోల్డర్లను, సీటు పట్టీల మరలను అనుమానించాలి. మన ఊరి ఎండ తెచ్చే కారణం మరొకటుంది. కారు మీద కాలిన కయాక్‌ను ఒక్కసారిగా చల్లని నీటిలోకి దించితే, లోపలి వేడి గాలి కుంచించుకుపోయి, వదులుగా ఉన్న మూత సందులోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. నీటిలోకి దించిన తర్వాత కొన్ని నిమిషాలు ఒడ్డు పక్కనే హ్యాచ్ తెరిచి ఉంచి, ఆ తర్వాత మూసి చూడండి. కొందరికి సమస్య అక్కడితోనే తీరిపోతుంది.

పరీక్షకు ఒక బకెట్ నీరు చాలు, దాన్నే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. బయటి భాగాన్ని పొడిగా తుడిచి, కింద పాత వార్తాపత్రికలు పరిచి, నీటిని లోపల పోసి, ఒక కొసను కొద్దిగా ఎత్తి పది నిమిషాలు ఆగండి. తర్వాత రెండో కొసను ఎత్తండి. తడి కనిపించిన ప్రతి చోటా మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ పిమ్మట కయాక్‌ను బోర్లించండి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు, కాని రాడ్ హోల్డర్లు, మరలు, రివిట్ల దగ్గరి లోపాలు బయటపడేది నీరు పైభాగం వైపు నిలిచినప్పుడే.

సన్నని పగుళ్లకు సబ్బునీరు మేలు. ఉదయం నీడలో అన్ని మూతలూ బిగించి, కయాక్‌ను ఎండలోకి మార్చి, అనుమానమున్న చోట్ల సబ్బునీరు రాయండి. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, సందు ఉన్నచోట బుడగలు లేస్తాయి. పని కాగానే ప్లగ్గు తీసేయాలి. కంప్రెసర్‌తో గాలి నింపకండి, ఆ ఒత్తిడికి పొట్ట ఉబ్బి చీలిపోవచ్చు. హ్యాచ్ కోసం మూతకూ అంచుకూ మధ్య కాగితం పట్టీ పెట్టి బిగించి లాగండి. సులభంగా జారి వచ్చిందంటే అక్కడ రబ్బరు పట్టడం లేదన్నమాట.

ఇక బాగుచేయడం. మరలు, రాడ్ హోల్డర్ల పని సులువైనది: వాటిని పూర్తిగా ఊడదీసి, పాత సీలెంట్ గీకి, న్యూట్రల్ రకం సిలికాన్‌ను గాని పాలియురథేన్ సీలెంట్‌ను గాని రాసి, చేతి బిగువుతో బిగించి, ఒక రోజు ఆరనిచ్చి అప్పుడు చివరి బిగింపు ఇవ్వాలి. లోపల చెయ్యి అందేచోట వెడల్పాటి స్టెయిన్‌లెస్ వాషర్, నట్టు వేస్తే మర వదులవదు. ఇలాంటి సామాను కోసం సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వైపు వెళ్లండి.

అడుగున పగులుంటే పని కష్టమైనదే. సాధారణంగా ఈ కయాక్‌లు పాలిథిలీన్‌తో తయారవుతాయి. మన మిద్దెల మీది ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులదీ ఆ కోవకు చెందిన ప్లాస్టిక్కే. దానికి మామూలు జిగురు అంటదు, కరిగించి అతకాలి. పగులు రెండు కొసల్లోనూ మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. పగులు వెంట సగం మందం వరకు గాడి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, హీట్ గన్‌తో పాలిథిలీన్ కడ్డీనీ గాడినీ కలిపి వేడి చేయండి. రెండూ మెరిసేంతగా మెత్తబడితేనే ఒకటవుతాయి. కడ్డీ ఒక్కటే కరిగితే చల్లారాక పట్టీలా లేచి వస్తుంది. పొగ వచ్చిందంటే వేడి మితిమీరింది. ముందు పాత ట్యాంకు ముక్క మీద చేయి కుదుర్చుకోండి. కారు బంపర్లు అతికే వారికి ఇస్తే, ఇది పాలిథిలీన్ అని తప్పక చెప్పాలి, ఎందుకంటే బంపర్లకు ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ కడ్డీ దీనికి అతకదు. ఫైబర్ గ్లాస్ కయాక్ అయితే ఈ బాధ లేదు, ఎపాక్సీ, గ్లాస్ గుడ్డ సరిపోతాయి.

స్కప్పర్ రంధ్రాల లోపలి పగుళ్లు ఇరుకు చోట ఉంటాయి కనుక, వాటిని అనుభవమున్న వెల్డరుకే అప్పగించడం మంచిది. ఆ పగుళ్లకు తరచుగా మూలం రంధ్రాల్లో దూర్చే ట్రాలీ కడ్డీలు. బరువంతా వాటి మీదే పడుతుంది. అడుగును తొట్టెలా మోసే ట్రాలీకి మారకపోతే అతుకు మళ్లీ విచ్చుకుంటుంది.

అతికిన తర్వాత సబ్బునీటి పరీక్ష మళ్లీ చేయండి. పిదప లైఫ్ జాకెట్ వేసుకుని, సామానంతా ఎక్కించి, నడుము లోతు దాటకుండా ఒడ్డు పక్కనే అరగంట తిరిగి, ప్లగ్గు తీసి నీటిని కొలవండి. గ్లాసెడు దాటితే ఆ రోజు గాలం సంగతి మరిచి, మార్కర్‌తో ఇంటిదారి పట్టాలి.