ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకు ఎలా జవాబు చెప్పాలి?

రెజ్యూమే కాపీలు రెండు, మార్కుల మెమోలు, ఆధార్, పెన్ను. ఆన్‌లైన్ అయితే ఇయర్‌ఫోన్స్, ఫుల్ చార్జింగ్. సరంజామా ఇంతే.

1. "మీ గురించి చెప్పండి." ఒక్క నిమిషం. చదువు, ప్రాజెక్టు, ఆ ఉద్యోగానికి పనికొచ్చే ఒక నైపుణ్యం. నాన్నగారి ఉద్యోగం, హాబీలు వద్దు.

2. టెక్నికల్ ప్రశ్నలు. ఒక వాక్యంలో నిర్వచనం, వెంటనే ఉదాహరణ. రాకపోతే "డేటాబేస్‌లో జాయిన్స్ వచ్చు, ఇండెక్సింగ్ చదవలేదు" అనేయండి. ఊహించి చెబితే దాని మీదే ఇంకో రెండు ప్రశ్నలు పడతాయి. అప్పుడు వచ్చినవాటి మీద కూడా నమ్మకం పోతుంది.

3. "ప్రాజెక్టులో మీరేం చేశారు?" ఎక్కువమంది పోయేది ఇక్కడే. నలుగురు కలిసి చేశారు కాబట్టి మనవాళ్లు మర్యాదకొద్దీ "మేం డిజైన్ చేశాం, మేం టెస్ట్ చేశాం" అంటూ పోతారు. అడిగేవాళ్లకు మాత్రం ఇందులో మీ చెయ్యి ఎక్కడుందో తెలియదు. టీమును పరిచయం చేసేటప్పుడు ఒక్కసారి "మేం" అనండి. ఆ తర్వాతంతా "నేను".

ఏం అడ్డం వచ్చింది, మీ వంతు పనేంటి, ఏం చేశారు, చివరికి ఏమైంది: వరస ఇది. స్టార్ పద్ధతి అనేది దీన్నే. మొదటిదానికి రెండు వాక్యాలు మించొద్దు. సగానికి పైగా మీరు చేసిన పనే ఉండాలి. ముఖం చూసి హాజరు వేసే ప్రాజెక్టు అనుకోండి: "కిటికీ పక్కన కూర్చున్నవాళ్లను గుర్తుపట్టలేదు. డేటా నా బాధ్యత. ఒక్కొక్కరివి 10 ఫొటోలే ఉన్నాయి, అన్నీ ట్యూబ్‌లైటు కింద తీసినవే. పగటి వెలుగులో మరో 20 చొప్పున తీసి మళ్లీ ట్రెయిన్ చేశాను. ఆ వరసకూ హాజరు పడింది." అంకెలు మీరు నిజంగా చూసినవే చెప్పాలి.

దీన్ని బట్టీ పట్టకండి. మధ్యలో ఆపి ఇంకేదో అడిగితే బట్టీ జవాబు తెగిపోతుంది, మళ్లీ అందుకోలేరు. కాగితం మీద నాలుగే మాటలు రాసుకుని, రోజుకో రకంగా పైకి చెప్పి చూసుకోండి. కొన్న ప్రాజెక్టయితే రెజ్యూమేలోంచి తీసేయండి. "ఈ లైను ఎందుకు రాశావ్?" అంటే నోరు పెగలదు. సొంతంగా చేసిన మినీ ప్రాజెక్టు దానికంటే వెయ్యి రెట్లు నయం.

4. "మీ బలహీనత?" నిజమైనది ఒకటి, దాన్ని సరిదిద్దుకోడానికి చేస్తున్న పని ఒకటి. "పర్ఫెక్షనిస్టుని" అనొద్దు.

5. బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు), బాండు, జీతం. బ్యాక్‌లాగు దాచొద్దు, వెరిఫికేషన్‌లో బయటపడితే చేతికొచ్చిన ఆఫరే పోవచ్చు. బాండు (ఇన్నేళ్లు మానేయనని రాసిచ్చే ఒప్పందం) ఉందంటే ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అడగండి. సీటీసీని (మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 12తో భాగించి నెల జీతం అనుకోవద్దు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి మారే వేరియబుల్ పే కూడా మామూలుగా అందులోనే కలిపి చూపిస్తారు. "ఫిక్స్‌డ్ ఎంతండీ?" అని అడగడం తప్పేం కాదు.