పాత బుల్లెట్ స్టార్ట్ కాకపోతే: అమ్మీటర్ ముల్లుతో ఇగ్నిషన్ లోపం పట్టుకోవడం

కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లతో (కాయిల్‌కు వెళ్లే కరెంటును కలుపుతూ తెంచుతూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) నడిచే పాత బుల్లెట్ 350 ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాకపోతే చాలామంది ముందు కొత్త ప్లగ్ వేస్తారు, ఆపైన కాయిల్ (ప్లగ్‌కు అధిక వోల్టేజీ అందించేది) మారుస్తారు, చివరికి కార్బురేటర్ విప్పుతారు. లోపం ఏ వైపున ఉందో చెప్పే అమ్మీటర్ (కరెంటు పారడాన్ని ముల్లుతో చూపే మీటరు) హెడ్‌లైట్ పైనే ఉండగా, ఇలా ఊహ మీద సామాను మార్చడం డబ్బు దండగ.

మొదట పెట్రోల్ సంగతి తేల్చుకోవాలి. నాలుగైదు కిక్కుల తర్వాత ప్లగ్ విప్పి చూస్తే పొడిగా ఉందంటే ట్యాంకు ట్యాప్, కార్బురేటర్ చూసుకోవాలి. తడిగా ఉంటే పెట్రోల్ చేరుతున్నట్టే. అప్పుడు ప్లగ్‌ను తుడిచి, గ్యాప్ 0.5 మి.మీ. దగ్గర ఉంచి, వైరు కొసనున్న క్యాప్‌లో పెట్టి, ప్లగ్ లోహపు భాగం ఇంజను హెడ్‌కు గట్టిగా ఆనేలా అమర్చి కిక్ కొట్టాలి. ప్లగ్ రంధ్రంలోంచి చిమ్మే పెట్రోల్ ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ప్లగ్‌ను ఆ రంధ్రానికి వీలైనంత దూరంగా ఉంచాలి. నీలి రంగు స్పార్క్ టప్పుమని వస్తే ఇగ్నిషన్ చాలావరకు బాగున్నట్టే. నారింజ రంగులో నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా అమ్మీటర్ ముల్లును చూడాలి.

లైట్లన్నీ ఆపి, తాళం ఆన్ చేసి, కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా రెండు మూడు సార్లు కిందికి నొక్కాలి. ప్లగ్ విప్పే ఉంది కాబట్టి ఇంజను తేలికగా తిరుగుతుంది. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు కాయిల్‌లో కరెంటు పారుతుంది, ముల్లు మైనస్ వైపు కాస్త వాలుతుంది. పాయింట్లు విచ్చుకోగానే మధ్యకు వచ్చేస్తుంది. పరీక్ష కాగానే తాళం తీసేయాలి, లేకపోతే కాయిల్ వేడెక్కి బ్యాటరీ దిగిపోతుంది. అమ్మీటర్ పనిచేయని బండికి పాయింట్ల టెర్మినల్‌కూ ఎర్త్‌కూ (ఇంజను లోహపు భాగానికి) మధ్య చిన్న బల్బు కలిపితే చాలు: పాయింట్లు విచ్చుకున్నప్పుడు వెలుగుతుంది, మూసుకున్నప్పుడు ఆరిపోతుంది.

ముల్లు అసలు కదలకపోతే కరెంటు కాయిల్ దాటి రావడం లేదన్నమాట. హారన్ కూడా మోగకపోతే బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజ్ చూడాలి. హారన్ మోగుతూ, కాయిల్ దాకా కరెంటు వస్తూ ఉంటే అనుమానం పాయింట్ల ముఖాల మీదికి పోతుంది. మూసి ఉన్న పాయింట్ల మధ్యకు తెల్లకాగితం ముక్క దూర్చి లాగితే దాని మీద జిడ్డు చార కనిపిస్తుంది. చార పడడం మానేదాకా పెట్రోల్‌తో తడిపిన కాగితంతో తుడవాలి. కొత్తగా కొన్న పాయింట్ల మీద కూడా తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, తుడవకుండా బిగిస్తే కొత్తవీ పనిచేయవు.

ముల్లు మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు విచ్చుకోవడం లేదు, లేదా వైరు ఎక్కడో ఎర్త్ అవుతోంది. కామ్ (తిరుగుతూ పాయింట్లను తెరిచే భాగం) మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగితే గ్యాప్ మూసుకుపోతుంది. పూర్తిగా విచ్చుకున్నప్పుడు ఫీలర్ గేజ్‌తో (సందును కొలిచే పలుచని రేకులతో) కొలిస్తే 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. గ్యాప్ సరిగానే ఉంటే కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపును అణచే చిన్న భాగం) వైరు విడదీసి చూడాలి, ముల్లు మళ్లీ ఆడిందంటే కండెన్సర్ షార్ట్ అయినట్టే. పాయింట్లు మార్చిన మర్నాడే బండి మొరాయిస్తే మాత్రం నా మొదటి అనుమానం టెర్మినల్ దగ్గరి ఇన్సులేషన్ వాషర్ల మీదే. వాటి వరస తప్పడం చాలా మామూలు.

ముల్లు చక్కగా ఆడుతున్నా స్పార్క్ రాకపోవడం అసలైన చిక్కు. ప్లగ్‌ను మళ్లీ హెడ్‌కు బిగించి, క్యాప్ తీసేసి, హెచ్‌టీ వైరు (కాయిల్ నుంచి ప్లగ్‌కు వెళ్లే మందపు వైరు) కొసను ప్లాస్టిక్ బట్టల క్లిప్పుతో హెడ్‌కు 5 మి.మీ. దూరంలో నిలపాలి. పాయింట్లు మూసి ఉన్న స్థితిలో తాళం ఆన్ చేసి, చెక్క పుల్లతో వాటిని చటుక్కున విడదీయాలి. వైరు కొస నుంచి గట్టి స్పార్క్ దూకితే తప్పు క్యాప్‌ది లేదా ప్లగ్‌ది. వానాకాలంలో క్యాప్‌లో చేరిన నీళ్లే కారణం కావచ్చు. అక్కడ స్పార్క్ లేకుండా పాయింట్ల మధ్యే పెద్దగా మెరుస్తుంటే కండెన్సర్ పోయింది. దాన్ని విడదీసి, సుమారు 0.2 మైక్రోఫారడ్ ఉన్న మరో కండెన్సర్‌ను బయటి నుంచే పాయింట్ల టెర్మినల్‌కూ ఎర్త్‌కూ కలిపి చూస్తే నిర్ధారణ అవుతుంది. అప్పుడూ స్పార్క్ రాకపోతే కాయిల్‌ను అనుమానించాలి. 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ (పాయింట్ల వైపు చుట్ట) సాధారణంగా 3, 4 ఓములు చూపుతుంది, 6 వోల్టులదైతే అంతకన్నా తక్కువ. కొంత దూరం పోయాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండిలో చల్లటి కాయిల్‌ను కొలిచి లాభం లేదు. ఆగిన చోటనే, వేడి మీదే పరీక్షించాలి.

పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా మారుతుంది, గ్యాప్ పెరిగితే స్పార్క్ ముందుకు జరుగుతుంది. అందుకే చివరగా, ఆటో అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపేవి) పూర్తిగా ముడుచుకుని ఉండగా, కంప్రెషన్‌లో పిస్టన్ పైకొసకు 0.8 మి.మీ. కింద ఉన్నప్పుడు ముల్లు మధ్యకు దూకేలా పాయింట్ల ప్లేటును తిప్పి బిగించాలి. ముల్లు అంతకన్నా ముందే దూకితే కిక్ రాడ్ కాలిని ఎదురు తంతుంది.