బిడ్డ బరువు, ఎత్తు చూపించడానికి బయల్దేరే ముందు

బెంగళూరు ట్రాఫిక్ సంగతి తెలిసిందే కదా, మారతహళ్లి దాటేసరికే బిడ్డకి ఆకలేసి ఏడుపు మొదలైతే ఇక కొలతలు సరిగ్గా రావు, కాబట్టి పాలు పట్టాకే బయల్దేరండి. తాయి కార్డు (కర్ణాటకలో తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు), పాత కొలతల కాగితాలు సంచిలో పెట్టేయండి.

బరువు చూసేటప్పుడు బట్టలు, డైపర్ తీసేయాలి. తడిసిన డైపరే 100 గ్రాములు దాటొచ్చు! వెండి కడియాలు, మొలతాడు కూడా తీయాలంటే అమ్మమ్మ ఊరుకోదు, మా ఇంట్లో పెద్ద గొడవే అయింది, అందుకే ఆవిడతో ముందే మాట్లాడుకోండి. మిషన్ సున్నా దగ్గరుందో లేదో మీరే చూడండి, మొహమాటం వద్దు.

తల చుట్టుకొలతకి పిలక, క్లిప్పులు తీసేయండి.

ఎత్తు రెండేళ్లలోపు పడుకోబెట్టి కొలుస్తారు, ఆ తర్వాత నిలబెట్టి. నిలబెడితే సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది, పిల్లాడు కుంచించుకుపోయాడని టెన్షన్ పడకండి.

నెలలు నిండకుండా పుడితే ఎన్నో వారంలో పుట్టిందో తప్పకుండా చెప్పండి, వయసు లెక్కే మారిపోతుంది. పుట్టిన కొత్తలో బరువు కాస్త తగ్గడం మామూలే. 10 శాతం దాటినా, రెండు వారాలకీ పుట్టినప్పటి బరువుకి రాకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.