పెన్షన్ డబ్బులతో పైలట్ పాఠాలు – 5వ భాగం: రేణిగుంట చుట్టూ ఒక సర్క్యూట్

పోయిన భాగంలో ఇచ్చిన పని గుర్తుంది కదా? పది నిమిషాల పాటు ఎత్తు వంద అడుగులు కూడా అటూ ఇటూ కాకుండా కంప్యూటర్‌లో విమానాన్ని నేరుగా నడపడం. అది చేతికొచ్చినవాళ్లు ఈ పాఠంలోకి రండి. ఎత్తు ఇంకా జారిపోతుంటే మరో రెండు రోజులు అదే చెయ్యండి. తొందరేమీ లేదు, ఇప్పుడు మనల్ని డ్యూటీకి రమ్మనేవాళ్లు ఎవరూ లేరు.

ఈసారి సర్క్యూట్ నేర్చుకుందాం. రన్‌వే మీద లేచి, దీర్ఘచతురస్రంలా చుట్టూ తిరిగి, మళ్లీ అదే రన్‌వే మీద దిగడాన్ని సర్క్యూట్ అంటారు. ఫ్లయింగ్ క్లబ్‌లో మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు దాకా మీ డబ్బులో పెద్ద భాగం దీనికే పోతుంది. లెక్క చూడండి. చిన్న విమానంలో ఒక్కో సర్క్యూట్‌కు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, అంటే గంటకు ఎనిమిది. గంటకు 12,000 రూపాయలనుకుంటే ఒక్కసారి దిగడానికి 1,500. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి. ఈ లెక్కన 4,80,000 అవుతుంది. మన వయసులో 40 గంటల్లోనే పూర్తవుతుందని అనుకోకండి, చేతిలో ఇంకాస్త ఉంచుకోండి. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి ఈపీఎస్ పెన్షన్‌తో నెట్టుకొస్తున్న నాకు 1,500 అంటే నెల కూరగాయల ఖర్చు. అందుకే నేను పట్టుకున్న పద్ధతి ఒకటే. కుర్చీలో నేర్చుకోగలిగినది ఏదీ గాలిలో డబ్బు పోసి నేర్చుకోకూడదు. సర్క్యూట్‌లో సగానికి పైగా కుర్చీలోనే వస్తుంది.

కంప్యూటర్‌లో విమానం నడిపించే ప్రోగ్రామ్ ఫ్లైట్‌గేర్ తెరవండి. రెండో భాగంలో చెప్పినట్టు అది ఉచితం, దొంగ కాపీల జోలికి వెళ్లక్కర్లేదు. విమానం సెస్నా 172పి, విమానాశ్రయం కోడ్ వీఓటీపీ. అదే మన తిరుపతి విమానాశ్రయం, రేణిగుంటది. ఒక మాట ముందే చెప్పాలి. నిజంగా అది ప్రయాణికుల విమానాలు తిరిగే చోటు. ఏ రన్‌వే వాడాలో, ఎటు తిరగాలో అక్కడి కంట్రోల్ టవర్ చెబుతుంది. మనం చేసేది కంప్యూటర్‌లో అభ్యాసం మాత్రమే. తెలిసిన ఊరిని ఎంచుకోవడానికి కారణం ఉంది. కొండ ఎటు, ఏరు ఎటు, శ్రీకాళహస్తి ఎటు అన్నది మనకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం. దిక్కుల కోసం తడుముకోకపోతే మెదడు మిగతా పని మీద ఉంటుంది.

ఇక్కడి రన్‌వేకు ఒక చివర 08, ఇంకో చివర 26 అని రాసి ఉంటుంది. దిక్సూచి చూపే డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే వచ్చే అంకె అది. 26 వైపు లేస్తే మీ ముక్కు 260 డిగ్రీలకు, అంటే దాదాపు పడమరకు, తిరుపతి ఊరి వైపు ఉంటుంది. 08 అంటే తూర్పు. లేచేటప్పుడైనా దిగేటప్పుడైనా గాలికి ఎదురుగా ఉండాలి. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి ఈ పాఠానికి 26 తీసుకుందాం.

పైలట్ ఎడమ సీటులో కూర్చుంటాడు కాబట్టి మామూలుగా సర్క్యూట్ ఎడమకు తిరుగుతుంది. 26 మీద లేచినప్పుడు శేషాచలం కొండలు కుడివైపు, ఉత్తరాన ఉంటాయి. ఎడమకు తిరిగితే దక్షిణాన మైదానం. అదే 08 మీద లేచి ఎడమకు తిరిగితే కొండల వైపు వెళ్తారు. కంప్యూటర్‌లో 08 వాడిన రోజు కుడికి తిరగండి. కొండ ఎటు ఉందో చూసుకోకుండా సర్క్యూట్ మొదలుపెట్టొద్దు.

ఎత్తు గురించి చాలామంది తికమకపడతారు. ఎత్తు చూపే డయల్‌ను ఆల్టీమీటర్ అంటారు. అది చూపేది నేల నుంచి ఎత్తు కాదు, సముద్ర మట్టం నుంచి. రైల్వే స్టేషన్‌లో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద రాసి ఉంటుందే, అదే లెక్క. రేణిగుంట రన్‌వే సుమారు 350 అడుగుల ఎత్తున ఉంది. కాబట్టి నేల మీద నిలబడ్డప్పుడే ముల్లు 350 చూపిస్తుంది. సర్క్యూట్ నేలకు వెయ్యి అడుగుల పైన చేస్తాం, అంటే ముల్లు మీద 1,350. గుర్తుకు సులువుగా 1,400 పెట్టుకోండి.

ఇప్పుడు లేద్దాం. థ్రాటిల్ (ఇంజిన్ వేగం పెంచే పిడి) పూర్తిగా, 55 నాట్ల దగ్గర ముక్కు మెల్లగా పైకి. 55 నాట్లంటే గంటకు వంద కిలోమీటర్లు. 75 నాట్లతో ఎక్కుతూ పోండి. ముల్లు 850 దాటగానే ఎడమకు 170 డిగ్రీల వైపు తిరగండి. దీన్ని క్రాస్‌విండ్ అంటారు. కొద్దిసేపటికి మళ్లీ ఎడమకు, 080. ఇది డౌన్‌విండ్, గాలి వెనక నుంచి తోస్తుంది. 1,400 దగ్గర ముక్కు దించి సమం చేసి, ఇంజిన్ 2,200 – 2,300 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఉంచండి. వేగం తొంభై నాట్ల దగ్గర నిలబడుతుంది. ఎడమ కిటికీలోంచి చూస్తే రెక్కను మోసే కమ్మీకి సగంలో రన్‌వే కనిపించాలి. కమ్మీ చివరికి పోతే దూరమయ్యారు, మొదటికి వస్తే దగ్గరయ్యారు.

రన్‌వే మొదలయ్యే చోటు మీ ఎడమ భుజానికి సరిగ్గా ఎదురుగా వచ్చిన క్షణం ఈ పాఠానికి గుండెకాయ. అక్కడ చేసే మొదటి పని కార్బ్ హీట్, అంటే కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే పిడి, లాగడం. ఆ తర్వాతే థ్రాటిల్‌తో ఇంజిన్‌ను 1,500 ఆర్‌పీఎంకు తగ్గించాలి. ఈ వరస ఎందుకో చెప్పకుండా ముందుకు పోలేను, నేను జీవితమంతా ఇంజిన్ల మధ్య గడిపినవాణ్ణి. కార్బురేటర్‌లో గాలి సన్నటి గొంతులోంచి దూరుతుంది, పెట్రోలు ఆవిరవుతుంది. ఈ రెండూ కలిసి లోపలి వేడిని ఒక్కసారిగా లాగేస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, బయట 25 డిగ్రీల ఎండ కాస్తున్నా, గొంతులో మంచు పేరుకోగలదు. థ్రాటిల్ తగ్గించినప్పుడు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. నాతో పాటు నేర్చుకుంటున్న పోస్టాఫీసు మిత్రుడు మొదట నమ్మలేదు. "అన్నా, తిరుపతిలో మంచేందన్నా? మే నెలలో ఐస్ గడ్డ ఐదు నిమిషాలు నిలవదే!" అన్నాడు. డిసెంబరు వాన రోజుల్లో గాలి నిండా తేమ ఉంటుంది కదా, అప్పటి సంగతి ఆలోచించు అన్నాను. స్కూటర్ ఆగితే తోసుకుంటూ పోవచ్చు, గాలిలో ఇంజిన్ ఆగితే ఆ వీలు లేదు. కార్బ్ హీట్ లాగితే ఎగ్జాస్ట్ దగ్గర వేడెక్కిన గాలి లోపలికి వెళ్తుంది, మంచు కట్టదు. కంప్యూటర్‌లో మంచు కట్టినా కట్టకపోయినా చెయ్యి ఆ పని ప్రతిసారీ చెయ్యాలి.

తర్వాత ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక కిందికి దిగే రేకులు, పది డిగ్రీలు. వేగం 80కి దిగుతుంది, విమానం మెల్లగా కిందికి వస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే రన్‌వే మొదలు మీ భుజానికి 45 డిగ్రీలు వెనక పడ్డప్పుడు ఎడమకు 350. ఇది బేస్. ఇక్కడ కొండలు నేరుగా ముందు కనిపిస్తాయి, కంగారు పడొద్దు. కొద్దిసేపట్లో మళ్లీ తిరిగిపోతాం. ఫ్లాప్స్ ఇరవై, వేగం 70. ఎత్తు 1,100 దగ్గర ఉంటే బాగున్నట్టే.

బేస్ నుంచి చివరి మలుపు, 260కి. దీన్ని ఫైనల్ అంటారు. ప్రాణాలు తీసిన మలుపు ఇది. ఆలస్యంగా తిరిగితే రన్‌వే వరసను దాటిపోతారు. అప్పుడు ఎలాగైనా వెనక్కి రావాలని రెక్కను ఇంకా వాల్చాలనిపిస్తుంది, కాలి పెడల్‌తో ముక్కును తోయాలనిపిస్తుంది. రెక్క వాలేకొద్దీ విమానం బరువెక్కినట్టవుతుంది. 60 డిగ్రీలు వాల్చి ఎత్తు నిలబెడితే రెట్టింపు బరువు. గాలి మీద రెక్క పట్టు తప్పే వేగం, అంటే అంతకన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం, నూటికి నలభై పెరుగుతుంది. తక్కువ వేగం, తక్కువ ఎత్తు, పైగా వంకర తోపు. రెక్క పట్టు తప్పితే సరిచేసుకోవడానికి కింద చోటుండదు. కాబట్టి నియమం పెట్టుకోండి. సర్క్యూట్‌లో 30 డిగ్రీలకు మించి వాల్చను. వరస తప్పితే దిగను, థ్రాటిల్ పూర్తిగా ఇచ్చి, కార్బ్ హీట్ లోపలికి తోసి, ఫ్లాప్స్ ఇరవైకి తెచ్చి పైకి పోతాను. దీన్ని గో అరౌండ్ అంటారు. ఘాట్ రోడ్డులో మలుపు కుదరకపోతే డ్రైవర్ బండి ఆపి వెనక్కి తీసుకుంటాడు. విమానానికి ఆ సౌకర్యం లేదు, ఉన్నది గో అరౌండ్ ఒక్కటే.

ఫైనల్‌లో ఫ్లాప్స్ ముప్పై, వేగం 65. ఇప్పుడు అద్దంలోంచి 26 అన్న అంకెలను చూడండి. ఆ అంకెలు అద్దంలో ఒకే చోట నిలబడితే మీరు సరిగ్గా అక్కడికే వెళ్తున్నారు. పైకి జరుగుతుంటే అక్కడికి చేరకముందే నేల తగులుతుంది, థ్రాటిల్ కొంచెం ఇవ్వండి. కిందికి జారుతుంటే దాటిపోతారు, తగ్గించండి. వేగాన్ని ముక్కుతో, ఎత్తును థ్రాటిల్‌తో సరిచేయాలి. చివరి ఇరవై అడుగులు ఆరో భాగంలో. అప్పటిదాకా ఎలా దిగినా ఫరవాలేదు.

కంప్యూటర్ నేర్పలేనిదీ ఉంది. నేను నిజంగా ఎగిరింది మూడు గంటలే. ఆ మొదటి గంటలో నా కళ్లు ముళ్ల మీదే అతుక్కుపోయాయి, అది కంప్యూటర్ ముందు అలవాటైన జబ్బు. ఇన్‌స్ట్రక్టర్ ఓపిగ్గా ఒక అట్టముక్కతో డయల్స్ మూసేసి "బయట చూడండి సార్" అన్నాడు. రెండు నిమిషాల్లో విమానం నిలకడగా నడిచింది. అందుకే ఇంట్లోనూ పది సెకన్లు బయట, ఒక్క సెకను లోపల అన్న లెక్కన చూడండి.

మూడు గంటలే ఎందుకంటే, ఒక శిక్షణ సంస్థకు పది గంటల డబ్బు ముందే కట్టేశాను. మూడు గంటలయ్యాక విమానం రిపేరుకు పోయి నెలల తరబడి రాలేదు. మిగతా డబ్బు రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది నేను పడ్డ బాధ మీరు పడకూడదు. ఏ గంటకా గంట కట్టండి. కానీ నెలకో గంట చొప్పున ఎగరొద్దు, నేర్చుకున్నది మధ్యలో మరిచిపోయి మళ్లీ డబ్బు పోసి నేర్చుకోవాలి. పది గంటలకు సరిపడా మీ ఖాతాలోనే కూడబెట్టి, రెండు మూడు వారాల్లో వరసగా ఎగరండి. మొదటి భాగంలో చెప్పిన క్లాస్ 2 మెడికల్ (పైలట్లకు చేసే వైద్య పరీక్ష) చేయించుకోకుండా మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఈ వారం పని. మిద్దె మీద ముగ్గుపిండితో దీర్ఘచతురస్రం గీయండి. నాలుగు వైపులా 260, 170, 080, 350 అని రాయండి. రోజూ పొద్దున దాని చుట్టూ నడుస్తూ, ఏ చోట ఏం చెయ్యాలో పైకి చెప్పండి: "భుజానికి ఎదురుగా రన్‌వే, కార్బ్ హీట్, 1,500, ఫ్లాప్స్ పది." మొదటి రోజు మా ఆవిడ చూసి ఏదో వ్రతం అనుకుంది. ఇప్పుడు నేను కార్బ్ హీట్ మరిచిపోతే వంటింట్లోంచి తనే అందిస్తోంది. నడకలో తడబాటు పోయాక కంప్యూటర్‌లో రోజుకు ఐదు సర్క్యూట్లు చెయ్యండి. వాటిలో ఒకటి కావాలనే గో అరౌండ్ కావాలి. నోటుబుక్కులో ప్రతి సర్క్యూట్‌కు మూడు అంకెలు రాయండి: డౌన్‌విండ్‌లో ఎత్తు, బేస్‌లో వేగం, ఫైనల్‌లో వేగం. ఆ నోటుబుక్కు ఆరో భాగానికి కావాలి.