బోరుకొచ్చిన ఇంజన్: ఇంకెంత కోయించొచ్చు?

బండి పొగ కొడితే చాలు, "బోరుకొచ్చింది" అనేసి ఇంజన్ విప్పేస్తారు. బోరంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం; అది అరిగితే కాస్త వెడల్పుగా కోసి (రీబోర్) పెద్ద పిస్టన్ వేస్తారు. విప్పకముందే తేల్చుకోవాల్సినవి రెండు. తప్పు నిజంగా బోరుదేనా? అయితే కోయడానికి ఇంకా ఇనుము మిగిలుందా? అందరికీ తెలిసిన స్ప్లెండర్‌నే తీసుకుందాం. 97.2 సీసీ ఇంజన్, బోరు 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 49.5 మి.మీ.

నీలం పొగ, ఆయిలు తగ్గడం, గట్టు ఎక్కలేకపోవడం

కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) పెట్టి చూడండి. తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. బాగా పెరిగిందా, రింగులో బోరో అరిగినట్టు. పెరగలేదంటే వాల్వులనో హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలి. కంప్రెషన్ సరిగ్గానే ఉండి, పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని పొగ వచ్చి ఆగిపోతుంటే అది ఎక్కువగా వాల్వ్ సీళ్ల పనే. చిన్న రబ్బరు ముక్క మార్చాల్సిన చోట బోరు కోయించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

బోరే అయితే బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలిపించండి. పై రింగు ఆడేచోటే అరుగుదల ఎక్కువ. సైజు పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్దవిగా వస్తాయి. గీతలు, అరుగుదల పూర్తిగా పోయే అతి చిన్న సైజే సరైన సైజు. ఈ అంకె బోరు అడ్డు కొలతది (వ్యాసం) కాబట్టి 0.25 అంటే గోడలో ఒక్కో వైపు పోయేది 0.125 మాత్రమే.

"ఒకేసారి 1.00 వేసేద్దాం, పికప్ పెరుగుతుంది" అనే సలహా వినకండి. 51 మి.మీ. బోరుతో లెక్క కడితే 101.1 సీసీ. నాలుగు సీసీల కోసం ముందు ముందు దొరికే మూడు రీబోర్లు వదులుకోవడమే! 1.00 కూడా అయిపోతే ఇక స్లీవ్ (సిలిండర్ లోపలి ఇనుప గొట్టం) మార్చడమో, కొత్త బ్లాక్ కిట్ వేయడమో.

రీబోర్ చేశాక చల్లటి ఇంజన్‌లో టకటక

పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు ఎక్కువైంది. నా బండికి ఇదే జరిగింది. లేత్ షాపులో ముందు బోరు కోసేశారు, తర్వాత పిస్టన్ కొన్నాం. ఒకే సైజని రాసున్నా పిస్టన్‌కీ పిస్టన్‌కీ కాస్త తేడా ఉంటుంది. మళ్లీ పై సైజుకు వెళ్లాల్సి వచ్చింది. అందుకే పిస్టన్ ముందు కొని లేత్ దగ్గర పెట్టండి. దాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, మాన్యువల్లో ఉన్న సందు కలిపి కోయాలి.

రీబోర్ చేశాక పట్టేయడం, లేదా పొగ ఆగకపోవడం

పిస్టన్ బోరులో ఇరుక్కుని పట్టేస్తే సందు తక్కువైనట్టు, లేదంటే రన్నింగ్-ఇన్ (మొదట్లో కొన్నాళ్లు నెమ్మదిగా నడపడం) లేకుండా తోలినట్టు. పొగ ఆగకపోతే హోనింగ్ (కోశాక సానరాళ్లతో గోడ రుద్దడం) చూడండి. చివరి 0.05 మి.మీ. దాకా హోనింగ్‌కే వదలాలి. గోడ మీద అడ్డదిడ్డంగా దాటుకునే సన్నని గీతలు కనిపించాలి, ఆయిల్ నిలిచేది వాటిలోనే. తర్వాత వేడి నీళ్లు, సబ్బుతో తోమి, వెంటనే ఆయిల్ రాయాలి. పెట్రోలుతో తుడిస్తే రాతిపొడి పూర్తిగా పోదు.

నీళ్లతో చల్లబడే ఇంజన్: బోరింగ్ తర్వాత వేడెక్కడం, రేడియేటర్‌లో బుడగలు

ముందు హెడ్ గాస్కెట్ చూసుకోండి. అది బాగుంటే గోడ పలచబడి పగిలి ఉండొచ్చు. ఇక్కడ ఎంత కోశామన్నది కాదు, ఎంత మిగిలిందన్నదే ముఖ్యం. అమెరికాలో షెవ్రొలే 350 వీ8 (బోరు 4 అంగుళాలు) తిరిగి కట్టేవాళ్లు 0.030 అంగుళం మామూలుగానే కోస్తారు. 0.060 దగ్గర మాత్రం అల్ట్రాసోనిక్ మీటర్‌తో గోడ మందం కొలుస్తారు. పోతపోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త జరిగితే గోడ ఒక వైపు మందంగా, ఇంకోవైపు పలచగా వస్తుంది. పైగా కూలెంట్ బదులు మామూలు నీళ్లు తాగిన బ్లాకును తుప్పు వెనక నుంచి తినేస్తుంది. పిస్టన్ బలంగా ఒత్తే వైపు 3 మి.మీ., మిగతా చోట్ల 2.5 మి.మీ. కన్నా తగ్గకూడదని వాళ్ల మోటు లెక్క. అంతకంటే తగ్గితే లైనర్ (స్లీవ్ లాంటి గొట్టం) దించడమే దారి.

యమహా ఆర్15, కేటీఎం డ్యూక్ లాంటి వాటిలో ఇనుప స్లీవ్ ఉండదు, వాటిని లేత్ షాపుకి తీసుకెళ్లకండి. తడి లైనర్లు (కూలెంట్ నేరుగా తగిలేవి) ఉన్న ట్రాక్టర్లకైతే ఈ గొడవే లేదు, అరిగిన లైనర్ లాగేసి కొత్తది దించుతారు.