స్కూప్ కంటే ముందు చేపలతొట్టి థర్మామీటర్ కొనండి

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మా మేనల్లుడు చిత్తూరు నుంచి పాకాల మీదుగా బండి తోలుకుంటూ తిరుపతి బైరాగిపట్టెడలోని మా షెడ్డుకు వచ్చాడు. 150 సీసీ బండి, కార్బురేటర్ కాలం నాటిది. సంచిలోంచి నల్లటి ప్లాస్టిక్ స్కూప్, అంటే ఎదురుగాలిని పట్టి ఇంజన్‌కు పంపుతుందని చెప్పే మూతి, తీసి, "మామా, ఇది బిగిస్తే పికప్ పెరగతాదంట, చూడు" అన్నాడు. ఆన్‌లైన్‌లో 1,400 పెట్టి కొన్నాడు. వెనక్కి తిప్పి చూశాను. స్క్రూలు ఉన్నాయి, స్టిక్కర్ ఉంది, గాలి ఫిల్టర్ డబ్బాలోకి పోయే దారి మాత్రం లేదు. మూతి ఉంది, గొంతు లేదు.

కాబట్టి మొదటి పని టార్చిలైటు పట్టుకుని చూడటం. మీ బండికి ఇప్పటికే ఉన్న స్కూపైనా, కొనబోయేదైనా, మూతిలో లైటు వేసి అది ఎక్కడికి పోతుందో వెతకండి. ట్యాంకు పక్కన ఉండేవాటిలో చాలావరకు ఉత్త అలంకారం. కొన్ని గాలిని సిలిండర్ హెడ్డు మీదికి తోస్తాయి. అదీ మంచిదే, కానీ అది ఇంజన్‌ను చల్లబరచడానికి, ఊపిరి పోయడానికి కాదు.

అసలైన స్కూప్ పని చేయదా అంటే, చేస్తుంది. 1990లో కవాసాకి జడ్‌ఎక్స్-11 బండికి ముందు మూతి పెట్టి, ఎదురుగాలిని నేరుగా ఫిల్టర్ డబ్బాలోకి పంపారు. ఈమధ్య వచ్చిన జడ్‌ఎక్స్-10ఆర్ బండికి 203 పి.ఎస్. (హార్స్‌పవర్ లాంటి కొలత) అని, ఎదురుగాలి సాయంతో 213 అని కంపెనీయే రాసుకుంది. అంటే దాదాపు 5 శాతం. అయితే ఆ బండ్లు పోయే వేగం వేరు. ఎదురుగాలి ఒత్తిడి వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. లెక్క వేస్తే ఇంజన్‌కు అందే గాలి ఒత్తిడి గంటకు 300 కిలోమీటర్ల దగ్గర 4 శాతం చిల్లర పెరుగుతుంది, 100 దగ్గర అర శాతం కూడా రాదు, 60 దగ్గర 0.16 శాతం. అలిపిరి దాటి కొండెక్కేటప్పుడు 40లో పోతామనుకోండి, 0.07 శాతం. పైగా కొండ మీదికి చేరేసరికి ఎత్తు వల్ల గాలి ఒత్తిడే సుమారు 8 శాతం తగ్గిపోతుంది. చల్లదనం వల్ల అందులో కొంత తిరిగి వస్తుంది గానీ, స్కూప్ వల్ల ఏమీ రాదు.

మా వాడి మొహం వాడిపోయింది. అప్పుడు ఇంకో లెక్క చెప్పాను. ఇంజన్ పీల్చే గాలి 3 డిగ్రీలు చల్లబడితే సుమారు 1 శాతం చిక్కబడుతుంది. అదే 1 శాతం ఎదురుగాలి ఒత్తిడితో రావాలంటే గంటకు 150 కిలోమీటర్ల వేగంలో పోవాలి. రేణిగుంట రోడ్డులో 150లో పోయేవాడికి స్కూప్ కంటే ముందు వేరేవి కావాలి.

అంటే మన ఊరి ఎండలకు, మన వేగాలకు స్కూప్ పని గాలిని నొక్కి పంపడం కాదు, చల్లగాలిని తెచ్చివ్వడం. అందుకే థర్మామీటర్. చేపలతొట్టిలో వేసేది, తీగ చివర చిన్న బిళ్ల ఉండేది, అలంకార చేపల షాపుల్లో తక్కువకే దొరుకుతుంది. బిళ్లను ఫిల్టర్ డబ్బా మూతి దగ్గర, లోపలికి జారిపోకుండా టేపుతో గట్టిగా అంటించండి. డిస్‌ప్లే హ్యాండిల్ దగ్గర కట్టండి. మావాడి బండికి అలాగే కట్టి మధ్యాహ్నం తిప్పి చూశాం. బయట 39. లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ పడి ఆగితే మూతి దగ్గర 48. చంద్రగిరి వైపు ఆగకుండా పోతే 43. సిలిండర్‌ను తాకి వెనక్కి వచ్చిన వేడిగాలే సీటు కింద ఉన్న డబ్బాలోకి పోతోంది. మీ బండికి ఈ తేడా ఒకటి రెండు డిగ్రీలే అయితే ఇక్కడితో ఆపేయండి, డబ్బులు మిగిలినట్టే.

తర్వాత ఫిల్టర్. దుమ్ము పట్టిన ఫిల్టర్ పెట్టుకుని స్కూప్ బిగించడం ముక్కు దిబ్బడేసినవాడికి ఫ్యాను తిప్పడం లాంటిది. రోడ్డు పనులు జరిగే దారిలోనో, గ్రానైట్ కోసే చోట్లనో తిరిగే బండ్ల ఫిల్టర్లు కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగవు. నూనె పట్టించిన పేపర్ ఫిల్టర్‌ను గాలి కొట్టి దులపకండి, కడగకండి, మార్చేయండి. స్పాంజ్ అయితే షాంపూ నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, కొద్దిగా నూనె పట్టించి పిండాలి.

ఫిల్టర్ ఎంత అడ్డుపడుతుందో చూడటానికి మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు చాలు. పారదర్శకంగా ఉండే సన్న ట్యూబును అట్టముక్క మీద యూ ఆకారంలో అంటించి, సగం దాకా రంగునీళ్లు పోయండి. ఒక కొసను ఫిల్టర్ దాటాక, కార్బురేటర్ వైపు గాలిలో పెట్టండి. రెండో కొస సీటు కింద గాలి ఆడని చోట ఉంచండి. యూ చేతులు ఒక్కొక్కటి మూరెడు పొడవుండాలి, లేకపోతే నీళ్లు ఇంజన్‌లోకి పోతాయి. ఒకే సిలిండర్ కదా, నీళ్లు ఎగిరెగిరి పడతాయి. పాత కార్బురేటర్ జెట్ (సన్న రంధ్రం ఉండే చిన్న ఇత్తడి ముక్క) ఒకటి ట్యూబులో దూర్చితే కుదురుకుంటాయి. వెనక కూర్చున్నవాళ్లే చూడాలి, తోలేవాళ్లు కాదు. ఫుల్ యాక్సిలరేటర్‌లో రెండు చేతుల నీళ్ల మట్టాలకు నాలుగు వేళ్ల తేడా ఉన్నది కొత్త ఫిల్టర్ వేశాక రెండు వేళ్లకు దిగింది. 60లో ఎదురుగాలి ఎంత బాగా తగిలినా వచ్చేది 16 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే ఒక్క వేలు. 200 రూపాయల ఫిల్టర్ స్కూప్‌ను ఓడించింది.

అయినా మావాడు వదల్లేదు, సరే చేద్దామన్నాను. చాలామంది పెద్ద గరాటు పెడితే గాలి కుదించుకుని లోపలికి పోతుందనుకుంటారు. గరాటు గాలిని కుదించదు. కదిలే గాలి నెమ్మదించినప్పుడే ఒత్తిడి పుడుతుంది. 150 సీసీ ఇంజన్ 8,000 ఆర్‌పీఎంలో సెకనుకు పీల్చేది మహా అయితే 10 లీటర్లు. 60లో పోయే బండి ముందు రెండంగుళాల గొట్టానికి ఎదురయ్యే గాలి 33 లీటర్లు. మిగతాది పక్కకు తప్పుకుని పోతుంది. కాబట్టి రెండంగుళాలు చాలు. మూతి అంచు మాత్రం కత్తిరించిన పైపులా పదునుగా ఉండకూడదు, గుళ్లో వాయించే నాదస్వరం కొసలా గుండ్రంగా బయటికి విచ్చుకుని ఉండాలి. లోపలికి పోయేకొద్దీ గొట్టం మెల్లగా వెడల్పవ్వాలి. ముడతల పైపు వద్దు, నున్నటిది వాడండి.

మూతిని హెడ్‌లైట్ పక్కన, సిలిండర్ వేడి తగలని చోట పెట్టాం. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. డబ్బా దగ్గర అతుకు గాలి చొరకుండా ఉండాలి. డబ్బానే పీకేసి కోన్ ఫిల్టర్ పెట్టేవాళ్లున్నారు. ఆ డబ్బా సైజు ఊరికే పెట్టింది కాదు, తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు దాని వల్లే వస్తుంది. అది తీసేస్తే శబ్దం పెరుగుతుంది, ఆ శబ్దానికే పికప్ పెరిగిందనిపిస్తుంది.

కార్బురేటర్ బండ్లకు ఒక మెలిక ఉంది. కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెకు గాలి తీసుకునే సన్న ట్యూబు బయట ఉంటుంది. డబ్బాలో ఒత్తిడి పెరిగి గిన్నెలో పెరగకపోతే పెట్రోలు తక్కువ వస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఆ ట్యూబు కొసను కూడా డబ్బాలోకే తెచ్చుకోవాలి. వారం తిరిగాక ప్లగ్గు విప్పి చూడండి. బిస్కెట్ రంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే జెట్ మార్చే దాకా గట్టిగా తోలకండి. కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండ్లు సెన్సర్లతో కొంతవరకు సర్దుకుంటాయి. వారంటీ ఉన్న బండిని ముట్టుకోవద్దనే నేను చెబుతాను. బండి అసలు రూపు మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుపడుతుంది కూడా.

ఇంత చేశాక మావాడి బండికి డబ్బా మూతి దగ్గర వేడి 43 నుంచి 40కి దిగింది. పికప్‌లో తేడా ఉందా అంటే వాడు ఉందంటాడు, నేను తోలితే నాకు తెలియలేదు. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు బండి మొద్దుబారడం మాత్రం తగ్గింది.

వానాకాలం జాగ్రత్త. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుండపోతే. ముందుకు తెరుచుకున్న మూతి గాలితో పాటు నీళ్లూ తాగుతుంది. సిలిండర్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2021 నవంబరు వరదల్లో అలాంటి బండ్లు మా షెడ్డుకు చాలా వచ్చాయి, వాటికి స్కూపులు కూడా లేవు. గొట్టం అన్నిటికంటే కిందికి వంగే చోట 4 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. దసరా దాటగానే ముందు పెట్టిన గొట్టాన్ని విప్పి, డబ్బాకు పాత మూతి బిగించేయండి. మావాడి గొట్టం ఇప్పుడు మా షెడ్డు అటక మీదుంది, సంక్రాంతికి వచ్చి తీసుకుపోతానన్నాడు.